డిస్ట్రోఫిన్ - మగపిల్లల కండరాలను నిలబెట్టే ప్రోటీను

ఈ సంచికలో మనం ఒక జన్యువు గురించి, అది తయారుచేయించే ఒక కండర ప్రోటీను గురించి తెలుసుకుందాం. జన్యువు అనగానే ఇది పెద్ద డాక్టర్లకు సంబంధించిన విషయం, మనకెందుకు అని పేజీ తిప్పేయకండి. ఈ ప్రోటీను లేకపోతే ఏమవుతుందో మన పల్లెల్లో కొందరు తల్లులు రోజూ కళ్ళారా చూస్తున్నారు. దాని పేరు మాత్రం వారికి ఎవరూ చెప్పలేదు.

మూడు నాలుగేళ్ళ మగపిల్లవాడు. పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు. నడక కొంచెం ఆలస్యంగా వచ్చింది. తోటి పిల్లలు పరుగెత్తుతుంటే వీడు వెనుకబడిపోతాడు. ఊరికూరికే పడిపోతుంటాడు. మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకుంటాడు. మడమ ఆనకుండా మునివేళ్ళ మీద నడుస్తాడు. నేల మీద కూర్చున్నవాడు లేవాలంటే ముందుగా బోర్లా తిరిగి, రెండు చేతులూ నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి, ఆ తరువాత చేతులను మోకాళ్ళ మీద, తొడల మీద ఒకదాని తరువాత ఒకటి వేసుకుంటూ, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్లుగా లేస్తాడు. పిక్కలు మాత్రం పహిల్వాను పిక్కల్లా లావుగా, గట్టిగా ఉంటాయి. ఆ పిక్కలు చూసి, "మావాడు బలంగానే ఉన్నాడమ్మా, ఒట్టి బద్ధకం" అంటారు నాయనమ్మలు. బడిలో మాస్టారు కూడా అదే మాట అంటారు.

అది బద్ధకం కాదు. తిండి చాలకపోవడమూ కాదు. ఇలాంటి లక్షణాలు కనిపించినప్పుడు డాక్టర్లు మొదట అనుమానించే జబ్బు పేరు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ. దీనిని క్లుప్తంగా డి.ఎం.డి. అంటారు. మనం కండరాల క్షీణత జబ్బు అనుకోవచ్చు. కండరాల క్షీణత జబ్బులు చాలా రకాలు ఉన్నాయి గాని, చిన్న పిల్లలలో ఎక్కువగా కనిపించేది ఇదే. పుట్టిన మగపిల్లలలో సుమారు 3,500 నుంచి 5,000 మందికి ఒకరికి ఇది వస్తుంది. ఆడపిల్లలకు ఈ జబ్బు పూర్తిగా రావడం చాలా అరుదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఈ జబ్బు కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే లండన్‌లో ఎడ్వర్డ్ మెరియాన్ అనే వైద్యుడు, ఒకే కుటుంబంలోని అన్నదమ్ములకు ఇది వస్తున్నదని గమనించాడు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు గియోమ్ డుషెన్ 1860 తరువాతి సంవత్సరాలలో దీనిని వివరంగా వర్ణించాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచిపోయింది. పిల్లవాడు తొడల మీద చేతులు వేసుకుని లేచే పద్ధతిని 1879లో విలియం గోవర్స్ అనే ఆంగ్ల వైద్యుడు వివరించాడు. నేటికీ నర్సింగు విద్యార్థినులకు దానిని గోవర్స్ లక్షణం అనే పేరుతోనే నేర్పుతాం. యంత్రం అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. పిల్లవాణ్ణి నేల మీద కూర్చోబెట్టి, ఏమీ పట్టుకోకుండా లేవమని చెప్పి చూడండి. అంతే. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, సండే స్కూలు టీచర్లు ఎవరైనా ఈ పరీక్ష చేయవచ్చు.

వంద సంవత్సరాలకు పైగా డాక్టర్లకు జబ్బు తెలుసు గాని కారణం తెలియదు. 1986, 1987 సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ నగరంలో లూయిస్ కుంకెల్, ఆయన సహచరులు ఈ జబ్బుకు కారణమైన జన్యువును కనుగొన్నారు. ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీనును కూడా గుర్తించి, డిస్ట్రోఫీ పేరు మీదుగా దానికి డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. కండరంలో ఉండే మొత్తం ప్రోటీనులో డిస్ట్రోఫిన్ లక్ష పాళ్ళకు రెండు పాళ్ళు మాత్రమే. ఇంత కొంచెం లేకపోయినందుకు ఒక మనిషి నడక పోతుంది.

డిస్ట్రోఫిన్ చేసే పని

తాటాకుల పందిరిని తలచుకోండి. గుంజలు బలమైనవే, ఆకులూ మంచివే. కానీ ఆకులను గుంజలకు కట్టిన తాళ్ళు లేకపోతే? ఒక గాలికి నిలబడవచ్చు, రెండో గాలికి నిలబడవచ్చు. రోజూ గాలి వీస్తూ ఉంటే ఆకులు చిరిగిపోతాయి. కండర కణం లోపల సాగుతూ ముడుచుకుంటూ ఉండే దారాల చట్రం ఒకటి ఉంటుంది. కణం చుట్టూ పల్చని పొర ఉంటుంది. లోపలి చట్రానికీ ఈ పొరకూ ముడి వేసి ఉంచే తాడే డిస్ట్రోఫిన్. దాని ఒక కొస లోపలి చట్రాన్ని పట్టుకుంటుంది, రెండవ కొస పొరలోని ప్రోటీనుల గుంపును పట్టుకుంటుంది. మధ్యభాగం పొడవుగా, కొంచెం సాగే గుణంతో ఉంటుంది.

మనం అడుగు వేసిన ప్రతిసారీ కండరం ముడుచుకుంటుంది, పొర మీద లాగుడు పడుతుంది. డిస్ట్రోఫిన్ ఉంటే ఆ లాగుడు సమంగా పంచుకుపోతుంది. లేకపోతే పొర అక్కడక్కడ చిరుగుతుంది. ఆ చిరుగుల్లోంచి కాల్షియం లోపలికి చొరబడి కణాన్ని పాడుచేస్తుంది. లోపల ఉండవలసిన పదార్థాలు బయటికి కారి రక్తంలో కలుస్తాయి. శరీరం మొదట్లో పాడైన కండరాన్ని బాగుచేసుకుంటుంది. అందుకే పసితనంలో ఏమీ తెలియదు. కొన్నేళ్ళకు ఆ బాగుచేసుకునే శక్తి తగ్గిపోయి, కండ ఉండవలసిన చోట కొవ్వు, నారలాంటి పదార్థం పేరుకుంటాయి. లావుగా కనిపించే పిక్కల రహస్యం ఇదే. నాయనమ్మ చూసి మురిసిపోయిన ఆ పిక్కల్లో చాలా భాగం బలం లేని కొవ్వు, నార.

ముందు తుంటి, తొడ కండరాలు, తరువాత భుజాలు దెబ్బతింటాయి. మందులు వాడకపోతే ఎక్కువమంది పిల్లలు 12, 13 ఏళ్ళ లోపే నడక పోగొట్టుకుని చక్రాల కుర్చీకి వస్తారు. గుండె కూడా కండరమే, ఊపిరి పీల్చే కండరాలూ కండరాలే. కాబట్టి యుక్తవయస్సులో వాటికీ జబ్బు సోకుతుంది. డిస్ట్రోఫిన్ మెదడులో కూడా కొంత ఉంటుంది. అందుచేత కొందరు పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, చదువులో వెనుకబడతారు. వాళ్ళను మొద్దు అని తిట్టి కొట్టకండి.

జన్యువులో తప్పు ఎలా వస్తుంది?

డిస్ట్రోఫిన్ జన్యువు మానవ జన్యువులలో అతి పొడవైన వాటిలో ఒకటి. ఒక పుస్తకం అనుకుంటే అందులో సుమారు 22 లక్షల అక్షరాలు. కానీ ప్రోటీను తయారీకి పనికివచ్చే అక్షరాలు దాదాపు 11,000 మాత్రమే. అవి 79 ముక్కలుగా అక్కడక్కడ విడివిడిగా ఉంటాయి. ఈ ముక్కలను ఎక్సాన్లు అంటారు. కణం మొత్తం పుస్తకాన్ని నకలు తీసి, అక్కరలేనిది కత్తిరించి, 79 ముక్కలనూ వరుసగా అతికించి, అప్పుడు చదువుతుంది. ఒక్కసారి నకలు తీయడానికే సుమారు 16 గంటలు పడుతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇంత పెద్ద పుస్తకం తరం నుంచి తరానికి రాసుకుంటూ పోతుంటే ఎక్కడో ఒకచోట పేజీ జారిపోవడం ఆశ్చర్యం కాదు. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో ముగ్గురిలో ఇద్దరికి ఒకటి గాని, కొన్ని గాని ఎక్సాన్లు పూర్తిగా లేకుండా పోయి ఉంటాయి. ఇంకొందరికి ముక్క రెండుసార్లు పడి ఉంటుంది. మిగిలినవారికి ఒకటి రెండు అక్షరాల తప్పు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కొందరికి పెద్ద ముక్కే పోయినా జబ్బు తేలికగా ఉంటుంది, కొందరికి చిన్న ముక్క పోయినా జబ్బు తీవ్రంగా ఉంటుంది. దీనికి కారణం చెప్పడానికి నర్సింగు స్కూలులో నేను వాడే ఉదాహరణే ఇక్కడా చెబుతాను. కణం జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. "అమల కమల విమల సరళ" అని బోర్డు మీద రాశామనుకోండి. నాలుగూ మూడక్షరాల పేర్లే. ఇందులోంచి "కమల" మొత్తం చెరిపేస్తే "అమల విమల సరళ" అని మిగులుతుంది. ఒకరు తగ్గారు గాని మిగతావారి పేర్లు సరిగానే ఉన్నాయి. అలాకాక "క" అనే ఒక్క అక్షరం మాత్రమే చెరిపేసి, మళ్ళీ మూడేసి చొప్పున చదవండి. "అమల, మలవి, మలస, రళ" అని వస్తుంది. అక్కడి నుంచి చివరిదాకా అంతా అర్థం లేని మాటలే. పోయింది ఒక్క అక్షరమే, పాడైంది మొత్తం వరుస.

డి.ఎం.డి.లో జరిగేది ఈ రెండవ రకం. లెక్క తప్పిపోయి ప్రోటీను తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. తాడుకు రెండవ కొస ఉండదు. కొస లేని తాడు దేన్నీ కట్టలేదు, కణం దాన్ని పారేస్తుంది. మొదటి రకంలో తాడు పొట్టిదవుతుంది గాని రెండు కొసలూ ఉంటాయి. కొంత పని చేస్తుంది. అలాంటివారికి వచ్చేదాన్ని బెకర్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అంటారు. అది ఆలస్యంగా మొదలై మెల్లగా నడుస్తుంది. 1990లో ఇంగ్లండు వైద్యులు ఒక మనిషిని గురించి రాశారు. ఆయన డిస్ట్రోఫిన్‌లో 46 శాతం భాగం లేనే లేదు. అయినా 61 ఏళ్ళ వయస్సులో నడుస్తూనే ఉన్నాడు. సగం తాడుతో జీవితం గడిచిందన్నమాట. ఈ ఒక్క విషయం కొత్త మందుల పరిశోధనకు ఎంత దారి చూపించిందో తరువాత చూద్దాం.

తల్లిని నిందించకండి

డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవారికి ఎక్స్ రెండు ఉంటాయి. ఒక దానిలో తప్పున్నా రెండవది పని నడిపిస్తుంది. మగవారికి ఎక్స్ ఒక్కటే, అది తల్లి నుంచి వచ్చినది. అందులో తప్పుంటే ఆదుకోవడానికి రెండవది లేదు. కనుక జబ్బు మగపిల్లలకు వస్తుంది, జన్యువు తల్లి వైపు నుంచి వస్తుంది.

ఇంతవరకు చెప్పగానే అత్తగారి ముఖం కోడలి వైపు తిరుగుతుంది. నేను వార్డులో ఎన్నోసార్లు చూశాను. అందుకే తరువాతి మాట గట్టిగా చెబుతాను. ఈ జబ్బు ఉన్న పిల్లలలో సుమారు మూడవ వంతు మంది తల్లులకు ఆ జన్యువులో ఏ తప్పూ ఉండదు. ఆ బిడ్డలోనే కొత్తగా వచ్చిన తప్పు అది. మిగిలిన తల్లులు కూడా దాన్ని తెలిసి తెచ్చుకున్నది కాదు. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందువల్లనో, ఏదో తిన్నందువల్లనో, పడినందువల్లనో ఇది రాదు. ఏ శాపమూ కాదు.

మేనరికం మాట కూడా చెప్పాలి. మన తెలుగువారిలో పిల్లలకు ఏ లోపం కనిపించినా మేనరికం వల్లే అనడం అలవాటైపోయింది. కొన్ని జబ్బుల విషయంలో అది నిజమే. తుంటి, భుజాలకు వచ్చే లింబ్ గర్డిల్ రకం కండరాల క్షీణతలో చాలా భాగం మేనరికపు కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. డి.ఎం.డి.కి మాత్రం మేనరికంతో సంబంధం లేదు. తండ్రి ఎవరైనా ఒకటే, ఎందుకంటే కొడుక్కి తండ్రి ఎక్స్ రాదు. అయితే తల్లి పుట్టింటి చరిత్ర మాత్రం తప్పక అడగాలి. ఆమె అన్నదమ్ములు గాని, అక్కచెల్లెళ్ళ కొడుకులు గాని చిన్నతనంలో నడక పోయి, ఇరవై ఏళ్ళలోపు మరణించినవారున్నారా? "మా చిన్న మామయ్యకు పోలియో వచ్చి పోయాడు" అని చెప్పిన కుటుంబాల్లో జాగ్రత్తగా అడిగితే, అది పోలియో కాదని తేలుతుంది. పోలియో హఠాత్తుగా జ్వరంతో వచ్చి సాధారణంగా ఒక కాలినో చేతినో పట్టుకుంటుంది. ఇది రెండు వైపులా సమానంగా, ఏళ్ళ తరబడి మెల్లగా వస్తుంది.

తల్లి జన్యువులో తప్పు ఉంటే ప్రతి కాన్పులోనూ మగబిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగం, ఆడబిడ్డ ఆ జన్యువును మోసుకుపోయే అవకాశం సగం. ఒక బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోవడానికి లేదు. ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. తల్లి రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చినా, కొందరి అండాలలో మాత్రం ఆ తప్పు ఉండవచ్చు. అందుకని ఒక బిడ్డకు జబ్బు ఉన్న ప్రతి తల్లీ మళ్ళీ గర్భం రాకముందే జన్యు సలహాదారుని కలవాలి. గర్భం వచ్చాక 11 వారాల ప్రాంతంలో మావి నుంచి ముక్క తీసి గాని, 16 వారాల ప్రాంతంలో ఉమ్మనీరు తీసి గాని పరీక్ష చేయవచ్చు. ఆడా మగా తెలుసుకోవడం కోసం పరీక్ష చేయడం 1994 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి వంశపారంపర్య జబ్బు కోసం, గుర్తింపు పొందిన కేంద్రంలో పరీక్ష చేయించుకోవడానికి అదే చట్టం అనుమతిస్తుంది. ఫలితం వచ్చాక ఏమి చేయాలన్నది ఆ భార్యాభర్తలు డాక్టరు గారితో మాట్లాడి నిర్ణయించుకోవలసినది.

జన్యువును మోసే తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మీరు ఆరోగ్యంగానే ఉంటారు గాని, కొందరికి నడివయస్సులో గుండె కండరం బలహీనపడుతుంది. బిడ్డను చూసుకోవడంలో మీ సంగతి మరచిపోకండి. అప్పుడప్పుడు ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయించుకోండి.

కాలేయం జబ్బు అని పొరబడటం

జబ్బును పట్టుకునే మొదటి రక్తపరీక్ష సి.పి.కె. కండరం చిరిగినప్పుడు రక్తంలోకి కారే పదార్థాల్లో ఇది ఒకటి. మామూలుగా 200 లోపు ఉండే ఈ అంకె, ఈ పిల్లల్లో 10,000, 20,000 దాకా వెళుతుంది. జిల్లా కేంద్రాల్లోని లేబొరేటరీలలో కూడా ఈ పరీక్ష చేస్తారు, ఖర్చు కొన్ని వందలు.

కానీ చాలామంది పిల్లలు సి.పి.కె. దాకా రాకుండానే పక్కదారి పడతారు. జ్వరానికో, కడుపునొప్పికో రక్తం పరీక్ష చేయిస్తే ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. రెండూ బాగా ఎక్కువగా ఉంటాయి. ఈ రెండూ కాలేయపు పరీక్షలని అందరికీ తెలుసు. అవి కండరంలో కూడా ఉంటాయన్నది చాలామందికి గుర్తుండదు. ఇక లివర్ టానిక్కులు మొదలవుతాయి. కామెర్లు అని పసరు పోయిస్తారు, ఉప్పూ నూనే మానిపిస్తారు. ఇలా ఏడాది, రెండేళ్ళు గడచిపోయి మా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. కళ్ళు పచ్చబడకుండా, బిలిరుబిన్ మామూలుగా ఉండి, ఎస్.జి.పి.టి. మాత్రమే ఎక్కువగా ఉన్న మగపిల్లవాడికి సి.పి.కె. చేయించమని డాక్టరు గారిని అడగండి. అడగడం తప్పు కాదు.

సి.పి.కె. ఎక్కువగా ఉంటే తరువాత జన్యుపరీక్ష. ముందు ఎం.ఎల్.పి.ఎ. అనే పరీక్ష చేస్తారు. ఎక్సాన్లు పోయాయా, రెండుసార్లు పడ్డాయా అన్నది అందులో తెలుస్తుంది. అందులో తేలకపోతే అక్షరం అక్షరం చదివే పరీక్ష ఉంది. కొంచెం రక్తం ఇస్తే చాలు. పూర్వంలాగా కండ ముక్క కోసి తీయవలసిన అవసరం ఇప్పుడు ఎక్కువమందికి లేదు. ఆ రిపోర్టును లామినేషన్ చేయించి దాచుకోండి. ఎన్నో నంబరు ఎక్సాన్ పోయిందన్నది రేపు మందుల విషయంలో అవసరమవుతుంది.

చేయగలిగినది చాలా ఉంది

"దీనికి మందు లేదు, ఇంటికి తీసుకుపొండి" అనే మాట విని వచ్చిన తల్లిదండ్రులు చాలామంది. జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదన్నది నిజం. ఇంటికి తీసుకుపొమ్మనడం మాత్రం సరికాదు. ఒకప్పుడు ఈ పిల్లలు ఇరవై ఏళ్ళు దాటడం అరుదు. గుండెకు, ఊపిరికి సరైన సమయంలో వైద్యం అందినచోట ఇప్పుడు ముప్ఫై దాటి బతుకుతున్నారు, చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు.

మొదటిది స్టెరాయిడ్ మాత్రలు. ప్రెడ్నిసొలోన్ గాని, డెఫ్లజకార్ట్ గాని. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య, పిల్లవాడి బలం తగ్గడం మొదలవక ముందే ప్రారంభిస్తారు. ఇవి డిస్ట్రోఫిన్‌ను తెచ్చిపెట్టవు. చిరిగిన కండరం చుట్టూ వచ్చే వాపును తగ్గించి, నడకను కొన్నేళ్ళు ఎక్కువ నిలుపుతాయి. వెన్ను వంగిపోవడం కూడా తగ్గుతుంది. మోతాదు బరువును బట్టి డాక్టరు గారు నిర్ణయిస్తారు. ఉదయం ఫలహారం తరువాత వేయాలి. ముఖం ఉబ్బడం, ఆకలి పెరగడం, బరువు పెరగడం, ఎముకలు పలచబడటం, కంటిలో పొర రావడం వీటివల్ల కలిగే ఇబ్బందులు. కాబట్టి నెలకోసారి బరువు తూచండి. పచ్చళ్ళు, అప్పడాలు, బేకరీ తిండి తగ్గించండి. పాలు, గుడ్డు, రాగులు, కొంచెం ఎండ ఇవ్వండి. మొదలుపెట్టే ముందు టీకాలన్నీ, ముఖ్యంగా ఆటలమ్మ టీకా, పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి.

ఒక్క విషయం మాత్రం ఎర్ర సిరాతో రాసుకోండి. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా ఆపకూడదు. ఊరికి వెళ్ళాం, మందు అయిపోయింది, ముఖం ఉబ్బుతోందని పక్కింటివారు భయపెట్టారు, ఇవేవీ ఆపడానికి కారణాలు కావు. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని మానుకుని ఉంటుంది గనుక, హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు అవుతూ మాత్ర కడుపులో నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి వచ్చి ఇంజెక్షను చేయించాలి.

రెండవది ఇంట్లో చేసే సాధకం. ప్రతి రోజూ మడమను, మోకాలిని, తుంటిని మెల్లగా సాగదీయాలి. ఫిజియోథెరపీ విభాగంలో తల్లికీ తండ్రికీ నేర్పుతారు. తండ్రి కూడా నేర్చుకోవాలి. రాత్రిపూట పాదానికి ఆసరా పట్టీలు కట్టుకుంటే మడమ నరం బిగుసుకుపోదు. బలం వస్తుందని మెట్లు ఎక్కించి దింపించడం, బరువులు ఎత్తించడం, అలిసిపోయేదాకా నడిపించడం వద్దు. చిరిగే పొరను ఇంకా చింపడమే అది. నీళ్ళలో ఆడుకోవడం, ఈత మంచివి. అలాగని మంచం మీద పడుకోబెట్టినా నష్టమే. జ్వరానికి రెండు వారాలు పడుకున్న పిల్లవాడు తిరిగి లేవలేకపోవచ్చు. నూనె రాసి మెల్లగా ఒళ్ళు పట్టడం హాయిగా ఉంటే చేయండి, జబ్బు తగ్గుతుందని మాత్రం డబ్బులు పోయకండి.

మూడవది గుండె. జబ్బు తెలిసిన నాటి నుంచి ఏటేటా గుండె పరీక్ష ఉండాలి. లక్షణాలు ఏమీ లేకపోయినా పదేళ్ళ వయస్సుకల్లా గుండెను కాపాడే మాత్రలు మొదలుపెట్టడం ఇప్పటి పద్ధతి. పిల్లవాడు కుర్చీలో కూర్చునే ఉంటాడు కనుక ఆయాసం బయటపడదు. గుండె బలహీనత చెప్పకుండానే వస్తుంది.

ఊపిరి విషయం తల్లులే ముందు కనిపెడతారు. నడక పోయిన కుర్రవాడికి ఉదయం లేవగానే తలనొప్పి, పగలంతా మగత, రాత్రి పదేపదే మెలకువ, ఆకలి తగ్గడం కనిపిస్తే, రాత్రివేళ ఊపిరి చాలడం లేదని అర్థం. అప్పుడు ముక్కుకు మాస్కు పెట్టి గాలి అందించే బైపాప్ యంత్రం అవసరం. దగ్గు బలహీనపడితే కఫం బయటికి రాదు, మామూలు జలుబే న్యుమోనియా అవుతుంది. అంబూ బ్యాగుతో ఊపిరితిత్తులు నింపి దగ్గించే పద్ధతి ఇంట్లోవారికి నేర్పవచ్చు.

కొత్త మందుల సంగతి

"అమల కమల" ఉదాహరణ గుర్తుందా? "క" పోయినందువల్ల వరుస చెడింది. మిగిలిన "మల" కూడా కణం చదవకుండా దాటవేసేటట్లు చేస్తే? "అమల విమల సరళ." వరుస సరిపోయింది. పక్క ఎక్సాన్‌ను కావాలని దాటించి, తీవ్రమైన జబ్బును బెకర్ లాంటి తేలిక జబ్బుగా మార్చే ప్రయత్నం ఇది. ఇలా 51వ ఎక్సాన్‌ను దాటించే ఎటెప్లిర్సెన్ అనే మందుకు 2016లో అమెరికాలో అనుమతి లభించింది. తరువాత 53, 45 ఎక్సాన్లకూ మందులు వచ్చాయి. ఏ ఎక్సాన్ పోయిందో దానికి సరిపోయే మందే పనిచేస్తుంది. వీటివల్ల పుట్టే డిస్ట్రోఫిన్ కొద్దిపాటిది. నడకలో ఎంత మేలు కలుగుతుందన్న దానిపై డాక్టర్లలో ఇంకా చర్చ ఉంది.

రెండవ దారి, సగం తాడుతో నడిచిన ఆ 61 ఏళ్ళ మనిషి చూపించినది. పూర్తి జన్యువు చాలా పెద్దది, మోసుకుపోయే వైరస్‌లో పట్టదు. అందుకని రెండు కొసలూ ఉన్న పొట్టి జన్యువును తయారుచేసి, హాని చేయని వైరస్‌లో పెట్టి ఒక్కసారి రక్తంలోకి ఎక్కిస్తారు. ఎలివిడిస్ అనే ఈ చికిత్సకు 2023లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. ధర 32 లక్షల డాలర్లు. మన రూపాయలలో పాతిక కోట్లు దాటుతుంది. 2025లో ఈ చికిత్స పొందిన, నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు కాలేయం చెడి మరణించారు. ఆ సంవత్సరంలోనే అక్కడి ప్రభుత్వం తీవ్రమైన హెచ్చరిక చేర్చి, నడవగలిగేవారికి మాత్రమే దీనిని పరిమితం చేసింది. పత్రికల్లో వార్త చూసి అప్పులు చేయడానికి పరుగెత్తకుండా, ముందు మీ డాక్టరు గారితో మాట్లాడండి.

మూలకణాల ఇంజెక్షన్ల పేరుతో లక్షలు తీసుకునేవారి మాట వేరు. పొలం అమ్మి నాలుగు ఇంజెక్షన్లు చేయించుకుని, పిల్లవాడిలో ఏ మార్పూ లేక వచ్చిన కుటుంబాలను చూశాం. ఈ జబ్బుకు మూలకణ చికిత్స రుజువైన వైద్యం కాదు. మన దేశపు వైద్య పరిశోధన మండలి నియమాల ప్రకారం ఇలాంటి జబ్బులకు దానిని పరిశోధనగా తప్ప చేయకూడదు. పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

ఆ డబ్బుతో చక్రాల కుర్చీ, బైపాప్ యంత్రం కొనవచ్చు. ప్రభుత్వ సాయం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కండరాల క్షీణతను వైకల్యంగా చేర్చారు. సర్టిఫికెట్టు, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారి పింఛనును 2024లో నెలకు 15,000 రూపాయలకు పెంచారు. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో డి.ఎం.డి. పేరు ఉంది. దాని కింద హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. జన్యుపరీక్షకు, సలహాకు అక్కడికి వెళ్ళవచ్చు.

జేబులో ఉంచవలసిన చీటీ

ఆపరేషను గదిలో ఈ పిల్లలకు ప్రత్యేక ప్రమాదం ఉంది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షను వల్ల, బలహీనమైన కండరాల నుంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండె ఆగిపోవచ్చు. పీల్చే మత్తు గ్యాసులు కూడా మంచివి కావు. వీటికి బదులు సిర ద్వారా ఇచ్చే సురక్షితమైన మత్తు మందులు ఉన్నాయి, ముందుగా తెలిస్తే మత్తు డాక్టరు గారు వాటినే వాడతారు. ఊపిరి చాలని కుర్రవాడికి బైపాప్ లేకుండా ఆక్సిజన్ ఒక్కటే పెట్టి వదిలేసినా ప్రమాదమే.

రాత్రివేళ ఏ ఊళ్ళోనో, ఏ చిన్న ఆసుపత్రికో తీసుకుపోవలసి వస్తే అక్కడివారికి ఇవన్నీ వివరించే తీరిక ఉండదు. కాబట్టి ఒక చీటీ మీద, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ఈ సంగతులు రాసి పిల్లవాడి చొక్కా జేబులో, బడి సంచిలో, తండ్రి పర్సులో ఒక్కొక్కటి ఉంచండి: ఈ బిడ్డకు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ ఉంది. రోజూ స్టెరాయిడ్ వాడుతున్నాడు, ఆపవద్దు. సక్సినైల్‌కోలిన్, మత్తు గ్యాసులు ఇవ్వవద్దు. ఎస్.జి.పి.టి. ఎక్కువగా ఉండటం కండరం వల్ల, కాలేయం వల్ల కాదు. చివరి ఎకో పరీక్ష తేదీ, చూస్తున్న డాక్టరు గారి ఫోను నంబరు. చీటీ రాయడం చేతకాకపోతే ఓ.పి.లో ఉన్న సిస్టరును అడగండి, రాసి ఇస్తారు.